పెదవి తెగిన సీలు

కిందటి నెల అమలాపురంలో డాక్టరుగారు నన్ను కళ్ళు మూసుకోమని, సన్నటి నైలాను దారంలాంటిది ఒకటి తీసుకుని అరికాళ్ళ మీద అక్కడా ఇక్కడా ఆనించి, తెలిసినప్పుడల్లా చెప్పమన్నారు. షుగరున్నవాళ్ళకి ఏడాదికోసారి చేసే పరీక్షేనట, మన వయసు వాళ్ళలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. కాళ్ళ పరీక్ష అయిపోయాక నేను ఊరుకోక చేతివేళ్ళు కూడా ఆయన ముందు చాపాను. మామూలుగా వేళ్ళకి చెయ్యమండీ అంటూనే, నా తృప్తి కోసం కాబోలు, ఒక్కొక్క వేలికీ దారం ఆనించుకుంటూ వచ్చారు. కొన్నిటికి తెలిసింది. కుడిచేతి బొటనవేలి వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తూ, ఇంతకీ రాదేమని కళ్ళు తెరిస్తే దారం ఆ వేలి మీదే వంగి ఉంది. బస్సులో కొత్తపేట వస్తున్నంతసేపూ ఆ బొటనవేలిని చూపుడువేలితో రాసుకుంటూ కూర్చున్నాను. మా మామగారు గుర్తొచ్చి కళ్ళు తడిశాయి.

మా మామగారికి కొత్తపేట సెంటర్లో సీళ్ళ కొట్టు ఉండేది. మట్టి తవ్వే పొక్లెయిన్లకీ ట్రాక్టరు తొట్లకీ, నూనె ఒత్తిడితో చెయ్యిలా చాచుకుంటూ ముడుచుకుంటూ ఉండే ఇనుప గొట్టాలుంటాయి చూడండి, హైడ్రాలిక్ సిలిండర్లంటారు. లోపలినించి మెరుస్తూ వచ్చేది రాడ్డు, ఆ రాడ్డు బయటికి వచ్చేచోట నూనె కారిపోకుండా పట్టుకునే రబ్బరు చుట్టు సీలు. దానికి ఇవతల, అన్నిటికంటే బయట, వైపరని ఇంకో చుట్టు ఉంటుంది. రాడ్డు తిరిగి లోపలికి వెళ్ళేటప్పుడు దానికి అంటుకున్న మట్టినీ ఇసకనీ గీకి బయటే వదిలెయ్యడం దాని పని. సీలుకైనా వైపరుకైనా ప్రాణమంతా రాడ్డుని అంటిపెట్టుకుని ఉండే పల్చటి లోపలి అంచులో ఉంటుంది. ఆ అంచుని మా కొట్లో పెదవి అనేవాళ్ళం.

ఆయనకి ఒక పద్ధతి ఉండేది. పాతది చూడకుండా కొత్తది ఇచ్చేవారు కాదు. ఎవరైనా హడావిడిగా వచ్చి సైజు చెప్పి ఇమ్మంటే, "ఆయ్, ఇస్తానండి, ముందు పాతది పట్రండి" అని నెమ్మదిగా అనేవారు. వాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళి, నూనె ఓడుతున్న ఆ ముక్కని పేపర్లో చుట్టి తెచ్చేవారు. ఆయన చెయ్యి సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, దాని పెదవి చుట్టూ బొటనవేలిని ఒక్కసారి నిదానంగా తిప్పేవారు. పెదవి గట్టిపడి బీటలు తీసి ఉంటే నూనె కాగిపోతోందని, నిలువు గీతలుంటే ఇసక లోపలికి పోతోందని, ఒకవైపే అరిగితే రాడ్డు వంగిందని చెప్పేవారు. సీలు కొత్తది వేసి వైపరు మాత్రం పాతదే ఉంచుకుంటామనే వాళ్ళ మీద ఆయనకి ఎక్కడలేని కోపం వచ్చేది. గుమ్మంలో కాళ్ళు కడుక్కోనివ్వకుండా ఇల్లు తుడిపించడం లాంటిదండీ అది, అనేవారు.

ఆ తరవాత అడిగేది, మిషను ఏ ఊళ్ళో తిరుగుతోందని. ఆలమూరు, జొన్నాడ వైపు ఏటి ఇసకలో పని చేసేదైతే, మేం పీయూ అనేవాళ్ళం, గోరు నొక్కినా దిగని గట్టి పెదవి వైపరు తీసేవారు. రాజోలు వైపు చేపల చెరువులు తవ్వేదైతే, ఆ నల్ల బురద రాడ్డు మీద ఎండి సిమెంటులా పట్టేస్తుంది కనక రెండు పెదవులున్నది. దిండి దాటి ఉప్పునీటి వైపు వెళ్ళేదైతే ఇనుప చట్రం ఉన్న వైపరు అడిగినా ఇచ్చేవారు కాదు, తుప్పు పట్టి ఉబ్బి ఊడొచ్చేస్తుందని. అప్పటిదాకా మన సీమ మట్టంతా ఒకటేననుకునేదాన్ని నేను. ఊరూరికీ మట్టి మారుతుందని ఆ కొట్లో కూర్చున్నాకే నాకు తెలిసింది. దసరా వెళ్ళాక వచ్చే వైపర్లని చూసి మాత్రం ఆయన నవ్వుకునేవారు. ఆయుధపూజకి మిషనంతా కడిగి, రాడ్డు పొడుగునా పసుపు రాసి, కుంకంబొట్లు పెట్టి, ఆ మర్నాడు తుడవకుండా అలాగే పనిలోకి దింపేవారు మరి. పెదవులు పచ్చగా ఉన్న వైపర్లని వరసగా బల్ల మీద పెట్టి, పేరంటాళ్ళు వచ్చేరమ్మా అని నన్ను పిలిచి చూపించేవారు.

నేను కొట్లోకి వెళ్ళడం మొదట క్యారేజీ ఇవ్వడానికే. మా ఆయన సిలిండర్లు విప్పి బిగించే పని మీద ఊళ్ళు పట్టి తిరిగేవారు, కొట్లో రెండో మనిషి లేక మామగారు ఇబ్బంది పడేవారు, దాంతో పొట్లాలు కట్టడానికని నేను కూర్చోవడం మొదలుపెట్టాను. నూనె ఓడే కొట్లో కోడలు కూర్చోవడమేమిటని సెంటర్లో కొన్నాళ్ళు చెప్పుకున్నారు, తరవాత చెప్పుకోవడానికి వాళ్ళకి ఇంకేదో దొరికింది. ఎంచడం ఆయన పని, కట్టడం నా పని. వచ్చినవాళ్ళతో మాట్లాడడం కూడా నాకు ఉండేది కాదు. అయితే ఆయన చూసి ఇచ్చిన సీలుని కాగితంలో పెట్టేముందు నా బొటనవేలు దానంతట అదే పెదవి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేది. ఎవరూ నేర్పలేదు. పక్కన కూర్చున్నవాళ్ళు ఆవులిస్తే మనకీ వస్తుంది కదా, అలా అలవాటయింది.

ఇక్కడ తాడు సంగతి చెప్పాలి. మన సీమలో కొబ్బరి తాడు లేకుండా ఏ పనీ జరగదని మీకు నేను చెప్పక్కర్లేదు, పశువుని కట్టినా పందిరి వేసినా అదే. మా కొట్లో సీళ్ళని కూడా సైజు వారీగా పీచు తాళ్ళకి దండల్లా గుచ్చి దూలానికి వేలాడదీసేవారు. కింద పెడితే ఎలకలు కొడతాయని, చెమ్మ పడుతుందని భయం. గుమ్మంలోంచి చూస్తే నల్లటి దండలు వరసగా కనిపించి కొట్టుకి ఒక నిండుతనం ఉండేది. కానీ నెలల తరబడి అలా వేలాడుతూ గాలికి ఊగుతుంటే, తాడు ఆనిన చోట పీచు మొనలు ఆ పల్చటి పెదవిని సన్నగా కోసేసేవి. అది కంటికి కనపడదు, వేలికే తెలుస్తుంది. మామగారికి ఆ సంగతి తెలుసు. తెలిసీ తాళ్ళు తీయించలేదు, ఎందుకంటే ఇచ్చేముందు ఆయన వేలు ఎలాగూ చుట్టూ తిరుగుతుంది, తెగింది తగిలితే పక్కన పడేసి ఇంకోటి లాగుతారు. ఆయన పాతికేళ్ళ కుర్రాడిగా ఉన్నప్పటినించీ అలాగే నడిచింది. ఆ వేలికే ఏదైనా అయితే ఎలాగన్నది మాలో ఎవరికీ తట్టలేదు.

పొక్లెయిన్లు మావైపు ఇంకా అరుదుగా ఉన్న రోజులవి. ఆ శ్రావణంలో ఎడతెరిపి లేని వాన, పైన కొండల్లో కూడా వానే, గోదావరి లంకల మీదికి ఎక్కేసింది. మా పుట్టిల్లు ఆలమూరు అవతల ఏటిగట్టు కింద ఒక చిన్న ఊరు. ఇంటి పెరట్లో నిలబడి తలెత్తితే గట్టు కనపడుతుంది, గట్టెక్కితే ఏరు. మా ఊరి దగ్గరే గట్టు ఒకచోట జారుతోందని, ఉన్న ఒక్క పొక్లెయిన్‌తోనూ ఇసక బస్తాలు సర్ది మట్టి పోస్తున్నారని పొద్దున్నే బస్సు దిగినవాళ్ళు చెప్పారు. అమ్మా నాన్నా గేదెల్ని తోలుకుని స్కూలు మేడకి రాకుండా ఇంట్లోనే ఉన్నారని కూడా చెప్పారు. నాన్న మొండి మనిషి, గట్టు ఎప్పుడు తెగింది కనకా అంటాడు. నేను కొట్లో కూర్చున్నానన్న మాటే గానీ మనసంతా ఆ పెరట్లోనే ఉంది.

మధ్యాహ్నం భోజనాల వేళకి ఒక మెకానిక్కు తలమీంచి నీళ్ళు కారుతూ వచ్చి, గుమ్మంలోనే నిలబడి పేపరు పొట్లం చాపాడు.

"బూము లేవట్లేదండి, తొట్టి పైకి రావట్లేదండి. నూనె పోసింది పోసినట్టే కారిపోతంది. గట్టు మీద జనవంతా చూత్తన్నారండి" అన్నాడు.

మామగారు అలవాటుగా ఏ ఊళ్ళో మిషనని అడిగారు. అతను మా ఊరి పేరు చెప్పాడు.

మామగారు నావైపు ఒకసారి చూసి, చెయ్యి కడుక్కుని పాత సీలు అందుకున్నారు. దాన్ని గుమ్మంలోకి పట్టుకెళ్ళి వెలుతురులో తిప్పి తిప్పి చూశారు. అంతకు ముందు ఆయన సీలుని కళ్ళతో చూడడం నేనెరగను. ఆ గాబరాలో అది నాకు పట్టలేదు, తరవాత తలుచుకుంటే తెలిసింది. ఇసక గీతలేనని చెప్పి, సొరుగులోంచి పీయూ వైపరు తీసి బల్ల మీద పెట్టారు. అందులో పొరపాటేమీ లేదు. ఆ తరవాత తాడు దించి ఒక సీలు లాగి, పెదవి చుట్టూ బొటనవేలు తిప్పి, బాగుందండీ అని మెకానిక్కుతో అని నా చేతికిచ్చారు. కాగితం మీద పెట్టబోతుంటే నా వేలు ఎప్పటిలాగే చుట్టూ తిరిగింది, ఒకచోట చటుక్కున తట్టుకుంది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ అక్కడే తట్టుకుంది.

సీలుని తిప్పి, తెగిన చోటు సరిగ్గా ఆయన బొటనవేలి కిందికి వచ్చేటట్టు తిరిగి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మళ్ళీ తడిమారు. ఆయన వేలు ఆ తెగిన చోటు మీంచి నున్నటి గాజు మీద వెళ్ళినట్టు వెళ్ళిపోయింది, మొహంలో ఏ మార్పూ లేదు. "కట్టెయ్యమ్మా, అతనికి ఆలస్యమవుతాది" అన్నారు. ఆయన చూడక వదిలెయ్యలేదని, ఆ వేలికి ఇంక తెలియడం లేదని నాకు అప్పుడు అర్థమైంది.

ఈ రోజుల వాళ్ళకి ఇదొక సంగతిలా అనిపించకపోవచ్చు. మన రోజుల్లో పరాయి మనిషి ముందు కోడలు మామగారి మాట కాదనడమంటే ఏమిటో మీకు తెలుసు. అందులోనూ ఆయన బతుకంతా ఆ వేలి మీదే నడిచింది, ఆయన చెయ్యి తప్పిందని ఆయన కొట్లోనే నా నోటితో అనాలి. అనకుండా కట్టి ఇచ్చేస్తే ఆ సీలు బిగించిన కాసేపటికే మళ్ళీ కారుతుంది, ఊరికున్న ఒక్క మిషనూ ఆగిపోతుంది, ఆ గట్టు కింద మా అమ్మ ఉంది. కాగితం మడత మీద నా చెయ్యి అలాగే ఉండిపోయింది.

"పెదవి తెగిందండీ, మావయ్యగారూ" అన్నాను.

కొట్లో బేరం జరుగుతుండగా నేను మాట్లాడిన మొదటి మాట అదే. మెకానిక్కు ఆయన మొహమూ నా మొహమూ మార్చి మార్చి చూశాడు. మామగారు కోప్పడలేదు. తన బొటనవేలిని చూసుకున్నారు, చూపుడువేలితో దాన్ని ఒకసారి రాసుకున్నారు. ఆ తరవాత తన స్టూలు మీంచి లేచి పక్కకి జరిగి, "అమ్మాయి చూసి ఇస్తాదండి. మీరలా కూర్చోండి" అన్నారు.

ఆ స్టూలు మీద కూర్చుని ఆ సైజు తాడంతా బల్ల మీదికి లాక్కున్నాను. మొదటిది తెగింది, దాని పక్కది కూడా తెగింది, ఆ తరవాత వరసగా అన్నీ తాడు కోసినవే వచ్చాయి. మధ్యలో రెండింటి నడుమ ఇరుక్కుని, తాడుకి ఆనకుండా ఉండిపోయిన సీలు ఒకటి మాత్రం ఎక్కడా తట్టుకోలేదు. నా వేలిని నేనే నమ్మలేక చెయ్యి మార్చి కూడా తిప్పాను. మామగారు నా వెనకే నిలబడి, పక్కవాళ్ళకి వినపడనంత మెల్లిగా, రెండు వైపులా తడిమేవా అమ్మా అని అడిగారు. ఆయ్ అన్నాను. వైపరు ఏది పెడుతున్నావన్నారు. మీరు తీసిందేనండి, మా ఊరి ఇసకకి అదే ఉండాలి అన్నాను. ఆయన ఊఁ అన్నారు.

అప్పుడే ఊళ్ళోంచి వచ్చిన మా ఆయన పనిముట్ల సంచీ దించకుండానే మెకానిక్కు వెనక బండెక్కి వెళ్ళిపోయారు. కొట్లో మేమిద్దరం మిగిలాం. వానకి గుమ్మం ముందు ఎవరూ లేరు, క్యారేజీ విప్పనేలేదు. మామగారు తన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టి, వాటినే చూస్తూ మాట్లాడారు.

"ఉగాది ముందు నించే సరిగ్గా తెలీడం లేదమ్మా. వేడినీళ్ళలో పెడితే తిరిగి వస్తాదేమో అనుకున్నాను. ఇవాళ నీ పుట్టింటి మీదికి ఏరు వదిలేసేవాణ్ణి."

అలా అనకండి అన్నాను. ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూడడం అదే మొదలు, అత్తగారు పోయినప్పుడు కూడా నిబ్బరంగా నిలబడిన మనిషి. ఒకపక్క ఆయన మీద జాలి, ఒకపక్క మా అమ్మ మీద బెంగ. క్యారేజీ విప్పి ఆయనకి అన్నం కలిపి ముందు పెట్టాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నారు.

గట్టు నిలబడింది. మర్నాడు సాయంత్రం మా ఆయన మోకాళ్ళ దాకా బురదతో వచ్చి చెప్పారు, నీళ్ళు గట్టు అంచుదాకా వచ్చి అక్కడ ఆగి, తెల్లారేసరికి దిగడం మొదలుపెట్టాయని, మిషను ఒక్క క్షణం ఆగలేదని. మా నాన్న గేదెల్ని విప్పనే లేదట. ఈ సంగతంతా మా అమ్మకి చివరిదాకా తెలియదు. చెబితే మా మామగారి చెయ్యి గురించి చెప్పాల్సి వస్తుందని నేనే చెప్పలేదు.

ఆ ఆదివారం కొట్టు మూసి తాళ్ళన్నీ దించేశాం. సీళ్ళని చెక్క సొరుగుల్లో గుడ్డ పరిచి పడుకోబెట్టాం, ఎలకలకి పిల్లిని తెచ్చాం. తెగినవాటిని నేను తడిమి వేరు చేస్తుంటే పక్కన గుట్ట పెరుగుతూ పోయింది. ఆ వేసవి నించీ, నేను కొట్లో లేని పూటల్లో సీళ్ళు పట్టుకెళ్ళిన కొందరు, బిగించిన కొన్నాళ్ళకే మళ్ళీ కారుతోందని తిరిగి వచ్చిన సంగతి మా ఇద్దరికీ గుర్తొచ్చింది. వాళ్ళకి ఆయన రాడ్డు బాగులేదనో నూనె బాగులేదనో చెప్పి పంపారు, మనస్ఫూర్తిగా నమ్మే చెప్పారు. మామగారు ఆ గుట్ట దగ్గరికి వచ్చి, ఆ రోజు నేను పట్టుకున్న సీలు ఏదో అడిగి తీసుకుని, అదొక్కటీ పారెయ్యొద్దన్నారు. ఆ తరవాత వారమంతా, కారుతోందని తిరిగి వచ్చినవాళ్ళ ఊళ్ళకి మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి, తనే నిలబడి కొత్త సీళ్ళు వేయించి వచ్చారు.

మళ్ళీ ఆయన ఆ స్టూలు మీద కూర్చోలేదు. గుమ్మం పక్కన కుర్చీ వేసుకుని, నావైపు తిరిగి కూర్చునేవారు. ఎవరైనా పాత సీలు తెస్తే నేను తడిమి, ఏముందో పైకి చెప్పాలి. ఇక్కడ గరుకుగా ఉందండీ, ఇక్కడ మెత్తబడిందండీ, పంటికింద బెల్లంలా సాగుతోందండీ అని నాకు తోచిన మాటల్లో చెబితే, ఆయన కళ్ళు మూసుకుని విని, దానికి కారణం చెప్పేవారు. ఆయనకి తెలిసిందంతా నాకు అలాగే వచ్చింది. కొత్తపేట కొట్లో సీళ్ళు ఎంచేది కోడలుగారని రాజోలు దాకా తెలిసిపోయింది, సెంటర్లో మొదట్లో చెప్పుకున్నవాళ్ళే పాత ముక్కలు పేపర్లో చుట్టుకుని వచ్చారు. ఆయన పోయే ముందు మంచం మీద ఉన్నప్పుడు కూడా సాయంత్రం నేను ఇంటికి రాగానే, ఇవాళ ఏవేవి వచ్చేయమ్మా అని అడిగేవారు. చెబుతుంటే ఆయన బొటనవేలు దుప్పటి అంచు మీద మెల్లిగా తిరుగుతూ ఉండేది. నేను చూసి కూడా చూడనట్టు చెప్పుకుపోయేదాన్ని.

ఇప్పుడు కొట్టు లేదు. మా ఆయనకి ఓపిక తగ్గాక తీసేశాం. మొన్న మా వీధి చివర కాలవ పూడిక తీస్తున్న పొక్లెయిన్ ఆగిపోతే, ఆగలేక వెళ్ళి చూశాను. కుర్రాడు ఫోన్లో మిషను నంబరు కొట్టి తెప్పించుకున్నాడట, సీళ్ళూ వైపర్లూ అన్నీ కలిపి అట్టపెట్టెలో కొరియరులో వచ్చాయి. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ సంచీలో ఊపిరాడకుండా అంటించి ఉంది. వేలు పెట్టి చూస్తావా బాబూ అని అడిగాను. "ఎందుకండీ మామ్మగారూ, అన్నీ చూసే పంపుతారండి" అన్నాడు మర్యాదగా. పాతవాటిని తడమకుండానే కాలవలోకి విసిరేశాడు. బిగించాడు, మిషను చక్కగా పని చేసింది, ఒక్క చుక్క కారలేదు. అతను చెప్పింది నిజమే, ఇందులో నేను తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఇంటికొచ్చేటప్పుడు మాత్రం ఆ కాలవ వైపే తిరిగి తిరిగి చూశాను.

మామగారు పారెయ్యొద్దన్న సీలు నా దగ్గరే ఉంది. అమలాపురం నించి వచ్చిన రోజు దాన్ని తీసి, చెయ్యి సబ్బుతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, పెదవి చుట్టూ కుడి బొటనవేలు తిప్పాను. చుట్టంతా నున్నగా ఉంది. ఎడమచేతి చిటికెనవేలితో తిప్పితే ఆ తెగిన చోటు దొరికింది, సన్నగా, అప్పట్లాగే. ఆ వేలిని అక్కడే ఉంచుకున్నాను. ఆయన వేలు మొద్దుబారితే ఒక ఊరు మునిగిపోయేది. నా వేలు మొద్దుబారితే ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఊళ్ళకి ఇదే మంచిదని నాకు తెలుసు, అయినా ఏడుపొచ్చింది.